ఎత్తు పెరిగిన జీపు, లోతు తెలియని ఇసుక

నల్ల ఇసుక, టమాటా బజ్జీలు, దెయ్యాల కథలు. సూరత్ జనాన్ని డుమస్‌కు రప్పించేవి ఇవే. ఒక సిరిసిల్ల కుటుంబాన్ని మాత్రం ఈసారి అక్కడికి నడిపించింది ఓ షాకబ్జార్బర్.

సముద్రం వెనక్కి వెళ్లిపోయింది. ఎంత దూరం వెళ్లిందంటే, డుమస్ ఒడ్డున నిలబడితే అలల చప్పుడు కూడా సరిగా వినపడదు. కనుచూపు మేర నల్లగా, తడిగా మెరిసే నేల. గుర్రాలవాళ్లు, ఒంటెలవాళ్లు బేరాల కోసం చూస్తున్నారు. దీపావళి వెళ్లిన తర్వాతి ఆదివారం కావడంతో బజ్జీల కొట్ల దగ్గర కాలు పెట్టే సందు లేదు. వీటన్నిటికీ దూరంగా, రోడ్డు పక్కన ఓ చెట్టు కింద, ముగ్గురు మగవాళ్లు ఒక ఆకుపచ్చ జీపు వెనక మోకాళ్ల మీద కూర్చుని టేపుతో ఏదో కొలుస్తున్నారు. ఆ ముగ్గురిలో నేనొకణ్ని. మిగిలినవాళ్లలో ఒకరు జీపు యజమాని అయిన నా మిత్రుడు, మరొకరు ఆయన తండ్రి.

తేల్చుకోవాల్సిన ప్రశ్న చిన్నదే. మూడంగుళాలు ఎత్తు పెంచిన ఈ జీపుకు షాకబ్జార్బర్ల బిగింపు స్థానం మార్చాలా, వద్దా? ఉధనాలోని ఫిట్టర్ బ్రాకెట్లు, వెల్డింగ్, కూలీ కలిపి రూ.16,000 అన్నాడు. జనవరిలో ఈ జీపులోనే మిత్రుడి మూడేళ్ల కొడుకును వేములవాడ రాజన్న దగ్గరికి పుట్టువెంట్రుకల మొక్కుకు తీసుకెళ్లాలి. కాబట్టి ప్రశ్న డబ్బుతో ఆగిపోయేది కాదు.

మగ్గం మీది నుంచి జీపులోకి

సూరత్‌లో తెలుగువాళ్లంటే ఎక్కువగా గుర్తొచ్చేది లింబాయత్, ఉధనా, గోడాదరా ప్రాంతాలు. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపుల నుంచి తరతరాలుగా వచ్చిన పద్మశాలీలు ఇక్కడి మరమగ్గాల మీద బతుకు నేసుకున్నారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోందంటే వాళ్ల సంఖ్య ఎంతో ఊహించవచ్చు. వరంగల్ మీదుగా వచ్చే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ వాళ్లకు రైలు కాదు, ఊరికి వేసిన వంతెన.

మిత్రుడి తండ్రి అలా వచ్చినవారే. ముప్పై ఏళ్లకు పైగా మగ్గాల హోరులో పనిచేయడంతో ఆయనకు ఎడమ చెవి సరిగా వినపడదు. కొడుకు బట్టల మార్కెట్‌లో కమీషన్ వ్యాపారంలో కుదురుకున్నాడు. మూడేళ్ల క్రితం మహీంద్రా పాత జీపు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ముందూ వెనకా కమాను పట్టీలే ఉన్న రకం. మహీంద్రా కంపెనీ 1947లో విల్లీస్ జీపుల బిగింపుతో మొదలుపెట్టిన వంశంలోది.

ఎత్తు పెంచాలన్న కోరికకు కారణం ఫ్యాషన్ ఒక్కటే కాదంటాడు మిత్రుడు. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లతో సూరత్‌లో చాలా భాగం మునిగిపోయినప్పుడు ఆయన బడికి వెళ్లే పిల్లాడు. నీళ్లలో కార్లు పెట్టెల్లా తేలడం, ఎత్తయిన ట్రక్కులు మాత్రం కదలడం కళ్లారా చూశాడు. ఆ దృశ్యం మనసులో అలాగే ఉండిపోయింది. జీపు చేతికి రాగానే కమాన్లకు అదనపు పట్టీలు వేయించి మూడంగుళాలు లేపించాడు. షాకబ్జార్బర్లను మాత్రం పాతవే ఉంచారు. వాటిని మార్చాలని ఆ పని చేసిన వర్క్‌షాపు చెప్పలేదు, ఈయనా అడగలేదు.

ఫలితం రెండు నెలల క్రితం సాపుతారా ఘాట్ రోడ్డులో కనిపించింది. వంపు దగ్గర ఒక గుంతలో వెనక కుడి చక్రం దిగింది. టప్‌మని చప్పుడు. షాకబ్జార్బర్ కింది పిన్ను తెగిపోయింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి గతుకుకూ జీపు వెనక భాగం బంతిలా ఎగిరింది. పక్కకు జారి రక్షణ గోడకు అరచేతి దూరంలో ఆగింది. వెనక సీట్లో తండ్రి, ఆయన ఒళ్లో మనవడు. “నాకేం గాలేదు. పోరడు మాత్రం రాత్రంతా ఉలిక్కిపడుకుంటనే ఉన్నడు” అని పెద్దాయన ఇప్పటికీ గుర్తుచేస్తారు.

నల్ల ఇసుక నైజం

మరి డుమస్‌కే ఎందుకు వచ్చినట్టు? మిత్రుడి మనసులో రెండు పనులున్నాయి. ఒకటి, కుదురుగా కూర్చుని కొలతలు తీయడం. రెండోది తండ్రికి చెప్పనిది: ఎత్తు పెరిగిన జీపుతో ఒక్కసారైనా ఆ ఇసుకలోకి దిగడం.

డుమస్ సూరత్‌కు నైరుతి దిక్కున సుమారు 20 కి.మీ. దూరంలో, తపతి నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉంటుంది. దారిలో విమానాశ్రయం తగులుతుంది. ఆ పక్కనే ఖజోద్‌లో, 2023 డిసెంబర్‌లో ప్రారంభమైన వజ్రాల బోర్స్ భారీ భవనం. ఇవన్నీ దాటి వచ్చాక ఊరు ఒక్కసారిగా నెమ్మదిస్తుంది. సరుగుడు చెట్లు, చేపలు పట్టేవాళ్ల ఇళ్లు, దరియా గణేశ్ గుడి, మరుగుతున్న నూనె వాసన. టమాటా ముక్కల మీద పచ్చ చట్నీ పట్టించి, పిండిలో ముంచి వేసే బజ్జీలు ఇక్కడి ప్రత్యేకత. మొదటి కొరుకుకు నోరు కాలడం ఖాయం. అయినా ఎవరూ ఆగరు.

ఒకప్పుడు ఇది శ్మశానమనీ, రాత్రిళ్లు గుసగుసలు వినిపిస్తాయనీ, వెళ్లినవాళ్లు తిరిగి రారనీ కథలు దేశమంతా పాకాయి. దేశంలోని దెయ్యాల చోట్ల పేర్లు చెప్పేవాళ్లెవరూ డుమస్‌ను వదలరు. కానీ ఇక్కడ నిజంగా భయపడాల్సింది ఇసుకకు. దాని నలుపులో మహత్యమేమీ లేదు. మధ్యప్రదేశ్‌లోని ముల్తాయి దగ్గర పుట్టే తపతి 724 కి.మీ. ప్రయాణంలో ఎక్కువ భాగం దక్కను నల్లరాతి నేలల మీదుగా వస్తుంది. ఆ రాళ్ల అరుగుదల, అందులోని ఇనుప ఖనిజపు రేణువులు, నది తెచ్చే సన్నటి ఒండ్రు ఇక్కడ కలగలిసిపోతాయి. పైన గట్టిగా కనిపించే పొర కింద నీళ్లు పట్టిన మెత్తటి మట్టి ఉంటుంది. కదిపేకొద్దీ అది మరింత పలచబడుతుంది. చక్రం తిరిగేకొద్దీ గొయ్యి లోతవుతుంది.

దీనికి ఖంభాత్ సింధుశాఖ ఆటుపోట్లు తోడు. దేశంలో అత్యధిక ఆటుపోట్లున్న తీరాల్లో ఇదొకటి. వెళ్లిన నీరు తిరిగొచ్చేటప్పుడు చదును నేల మీద వేగంగా పరుచుకుంటుంది. ఇంగ్లిష్ వర్తకులకు కూడా ఈ తీరం సులువుగా లొంగలేదు. పెద్ద ఓడలు తపతిలోకి రాలేక, నదీముఖానికి ఆవల ఉన్న సువాలీలో లంగరు వేసేవి. 1612లో పోర్చుగీసు వాళ్లతో ఇంగ్లిష్ ఓడలు తలపడిందీ అక్కడే. అక్కడి నుంచి సూరత్‌కు సరుకు చిన్న పడవల మీద, ఎడ్లబండ్ల మీద చేరేది. బండివాడికి ఆటుపోటు వేళలు తెలియకపోతే సరుకు గల్లంతే.

నాలుగు వందల ఏళ్ల తర్వాతా ఆ పాఠం అందరికీ అందలేదు. 2025 జులైలో ఒక మెర్సిడెస్ ఎస్‌యూవీ ఇదే డుమస్ నల్ల ఇసుకలో కూరుకుపోయిన వీడియో దేశమంతా తిరిగింది. బీచ్‌లోకి వాహనాలు దించకూడదన్న నిషేధం ఉన్నా దించారు. లక్షలు పోసి కొన్న బండి ముందు నిస్సహాయంగా నిలబడ్డ మనుషులను చూసి జనం నవ్వుకున్నారు. ఆ వీడియో మిత్రుడూ చూశాడు. “అది కారు అన్నా, మనది జీపు. పైగా లేపిన జీపు” అన్నది ఆయన వాదన.

ఇక్కడే ఒక అపోహ తేలిపోవాలి. కమాన్లతో లేపితే పెరిగేది ఒంటి ఎత్తే, ఇరుసు ఎత్తు కాదు. చక్రాల మధ్య అడ్డంగా ఉండే ఇరుసు, దాని నడుమ గుండులాంటి డిఫరెన్షియల్ మునుపటి ఎత్తులోనే ఉంటాయి. వాటిని నేలకు దూరం చేసేది పెద్ద టైరు ఒక్కటే. ఇసుకలో ఆదుకునేది కూడా ఎత్తు కాదు, టైరులో గాలి తగ్గించడం. గాలి తగ్గితే టైరు పాదం సాగి బరువు ఎక్కువ నేల మీద పరుచుకుంటుంది. అదీ పొడి ఇసుకలో. ఒండ్రు కలిసిన డుమస్ బురదలో ఆ కిటుకుకూ హామీ లేదు.

టేపు చెప్పిన లెక్క

దాంతో బీచ్ ముచ్చట పక్కకు పోయి అసలు పని మొదలైంది. షాకబ్జార్బర్ పైకన్ను నుంచి కిందికన్ను వరకు కొలిచాం. సమతల నేల మీద 21 అంగుళాలు. ఈ రకం షాకబ్జార్బర్ పూర్తిగా సాగితే 22, పూర్తిగా ముడుచుకుంటే 14. లేపకముందు ఇదే కొలత 18 ఉండేది. అంటే అప్పట్లో చక్రం నాలుగంగుళాలు కిందికి దిగడానికి, నాలుగంగుళాలు పైకి రావడానికి చోటుండేది. ఇప్పుడు కిందికి దిగడానికి మిగిలింది ఒక్క అంగుళమే.

పరీక్ష కూడా చేశాం. ముందు ఎడమ చక్రాన్ని రోడ్డు పక్కన ఉన్న రాతి గట్టు మీదికి మెల్లగా ఎక్కించాడు మిత్రుడు. జీపు ఒరిగింది. ఒక వెనక చక్రం గాల్లోకి తేలినంత పనైంది. అక్కడి షాకబ్జార్బర్ నిండా సాగి బిగుసుకుపోయింది. పెద్దాయన వంగి దాన్ని వేలితో మీటి చూశారు. “ఇది ఇప్పుడు షాకప్ కాదురా. బొక్కెనకు కట్టిన తాడు” అన్నారు. సరిగ్గా అదే. చక్రం బరువు, గుంత దెబ్బ మొత్తం ఆ చిన్న పిన్ను మీద పడుతుంది. సాపుతారాలో తెగింది అందుకే.

పెద్దాయనకు మోటారు బండ్ల గురించి పెద్దగా తెలియదు. కానీ మగ్గం తెలుసు. నాడె ఒక కొస నుంచి దెబ్బ తిని రెండో కొసన ఉన్న పెట్టెలోకి దూసుకొస్తుంది. దాన్ని ఒత్తి పట్టి నెమ్మదింపజేసే ఏర్పాటు అక్కడ లేకపోతే నాడె తిరిగి ఎగిరొస్తుంది. పోగులు తెగుతాయి. స్ప్రింగుకూ షాకబ్జార్బర్‌కూ తేడా ఇంతకన్నా బాగా ఏ పుస్తకమూ చెప్పదు. కమాను దెబ్బను దాచుకుని తిరిగి విసురుతుంది. షాకబ్జార్బర్ ఆ విసురును నూనెలో పీల్చి వేడిగా మార్చేస్తుంది.

ఇక ఫిట్టర్ చెప్పిన పరిష్కారం. కింది బిగింపును ఇప్పుడున్న పలక మీద నుంచి తీసి, మూడంగుళాలు పైన ఇరుసు గొట్టానికి బ్రాకెట్ వెల్డ్ చేసి తగిలించడం. అప్పుడు కొలత మళ్లీ 18కి వస్తుంది. చక్రం కిందికి దిగడానికి నాలుగంగుళాలు తిరిగొస్తాయి. వినడానికి బాగుంది. కానీ తిరకాసు రెండో వైపున ఉంది. జీపు లేచింది కాబట్టి ఇరుసు ఇప్పుడు పాత రబ్బరు దిమ్మెను తాకడానికి ఏడంగుళాలు పైకి రాగలదు. షాకబ్జార్బర్ మాత్రం నాలుగే ముడుచుకోగలదు. రబ్బరు దిమ్మెను కూడా మూడంగుళాలు కిందికి దించకపోతే, పెద్ద గతుకులో షాకబ్జార్బర్ అడుగు తన్ని పగులుతుంది. దించితే, మొత్తం కదలిక పాత ఎనిమిదంగుళాలే. స్థానం మారింది తప్ప సామర్థ్యం పెరగలేదు.

రెండో చిక్కు వాలు. ఇప్పుడు షాకబ్జార్బర్ నిలువుకు 15 డిగ్రీలు వంగి ఉంది. కొత్త చోట బ్రేకు పైపునూ, హ్యాండ్ బ్రేకు తీగనూ తప్పించాలంటే దాదాపు 30 డిగ్రీలు వంచక తప్పదు. వాలేకొద్దీ చక్రం మీద దాని పట్టు తగ్గుతుంది. 15 డిగ్రీల దగ్గర తగ్గేది నామమాత్రం. 30 దగ్గర పావు వంతు. 45 దగ్గర సగం. అసలే ఎత్తు పెరిగి, బరువు కేంద్రం పైకి జరిగిన బండికి పట్టు తగ్గడమంటే వంపుల్లో ఊపు పెరగడమే.

మూడోది, స్థానం మార్పిడికి సాధారణంగా చెప్పే పెద్ద లాభం. ఇరుసు కిందికి వేలాడే బిగింపు రాళ్లకు తగలకుండా పైకి పోతుంది. జిమ్నీ, రాంగ్లర్ లాంటి కాయిల్ స్ప్రింగు, గట్టి ఇరుసు బండ్లకు ఇది నిజమైన లాభమే. రాతి గుట్టలెక్కే వాళ్లు అందుకే చేయిస్తారు. కానీ ఈ పాత జీపులో కమాను కట్ట ఇరుసు కిందే ఉంటుంది. యూ బోల్టుల పలక దాని కింద ఉంటుంది. పిన్ను ఒక్కటీ పైకి జరిగినా పలక అక్కడే, నాగలి కర్రులా, వేలాడుతూ ఉంటుంది. పెట్టే ఖర్చుకు దక్కేది పిన్ను మందం.

మరో దారి, పొడవాటి షాకబ్జార్బర్లు. సాగితే 25, ముడిస్తే 16 అంగుళాలుండే జత దొరికితే కిందికి నాలుగు, పైకి అయిదు అంగుళాలు వస్తాయి. వెల్డింగ్ ఉండదు, వాలు మారదు. రబ్బరు దిమ్మెను రెండంగుళాలు దించి, బ్రేకు పైపు పొడవు చూసుకుంటే చాలు. లేపిన బండికి మొదటే చేయించాల్సింది ఇదే. ఇంతకన్నా చవకైన మూడో దారి కూడా ఒకటుంది. దాన్ని మిత్రుడు వినదలచుకోలేదు.

చట్టం మాటేమిటి?

రాజ్యం బీచ్ దగ్గరే ఆగదు, బండి కిందికీ దూరుతుంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఈ సంగతిని గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ పడే వీలు ఏర్పడింది.

ఒక షాకబ్జార్బర్ తీసి మరొకటి వేయడం మరమ్మతు అనవచ్చు. బ్రాకెట్ వెల్డింగ్ మార్పు కిందికి వస్తుందా అన్నది వాదించుకోవచ్చు. కానీ మూడంగుళాలు లేచిన ఒడ్డూ పొడుగూ ఎవరి కంటికైనా కనిపిస్తాయి. ప్రమాదం జరిగితే మొదట ప్రశ్నించేది పోలీసులు కాకపోవచ్చు, బీమా కంపెనీ కావచ్చు. చెప్పకుండా చేయించిన మార్పు క్లెయిము రోజున బయటపడితే ఆ నష్టం బండికే కాదు, బండి తగిలిన మనిషికీ చుట్టుకుంటుంది. రోడ్డు అందరిదీ అయినప్పుడు నా జీపు నా ఇష్టం అన్న మాట కొంతవరకే చెల్లుతుంది. ఈ సంగతి చెబితే మిత్రుడు నవ్వాడు. “అన్నా, నువ్వు పొలిటికల్ సైన్స్ చదివినవ్. నేను బట్టలమ్ముకునేటోణ్ని” అన్నాడు. కానీ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

అప్పటికి సాయంత్రం అయిదు దాటింది. దూరాన వెండి గీతలా ఉన్న నీళ్లు దగ్గరవుతున్నాయి. ఇందాక పిల్లలు క్రికెట్ ఆడిన చోట ఇప్పుడు నీటి పలక పరుచుకుంది. గుర్రాలవాళ్లు ఎవరూ చెప్పకుండానే పైకి వచ్చేశారు. మిత్రుడు తాళంచెవి వేలికి తిప్పుకుంటూ అటే చూస్తున్నాడు. దిగాలని ఉందా అని నేను అడగలేదు. అడగక్కర్లేదు.

“బాపూ, ఏమంటవ్?” అన్నాడు చివరికి.

పెద్దాయన టేపు చుట్టి జేబులో పెట్టుకున్నారు. “నువ్వు దీన్ని ఎందుకు లేపినవ్ రా?”

“వరదలొస్తె పనికొస్తదని.”

“వరద ఎప్పుడో ఒక్కనాడు వస్తది. పోరడు రోజూ ఎక్కుతడు.”

అదే తీర్పు. మిత్రుడు వినదలచుకోని మూడో దారి ఇదే: అదనంగా వేసిన పట్టీల్లో సగం తీసేయడం. ఎత్తు ఒకటిన్నర అంగుళం తగ్గుతుంది. షాకబ్జార్బర్ కొలత 19.5కి వస్తుంది. చక్రం కిందికి దిగడానికి రెండున్నర అంగుళాలు, పైకి రావడానికి అయిదున్నర. పాత షాకబ్జార్బర్లే సరిపోతాయి. వెల్డింగ్ లేదు, వాలు మారదు. ఖర్చు ఒక పూట కూలీ. చట్టం దృష్టిలో ఆ మిగిలిన ఒకటిన్నర అంగుళం కూడా సమర్థించుకోలేనిదే. మొక్కు తీరి వచ్చాక అదీ దించేస్తానని మిత్రుడు మాటిచ్చాడు. నిలబెట్టుకుంటాడో లేదో చూడాలి.

అంటే షాకబ్జార్బర్ స్థానం మార్చడం దండగ పనా? అందరికీ కాదు. కాయిల్ స్ప్రింగులున్న గట్టి ఇరుసు బండి అయి, రాతి దారులే దాని ప్రధాన వాడకమై, కింది బిగింపు నిజంగా దెబ్బలు తింటుంటే చేయించుకోవచ్చు. అదీ రెండు కొసలా కొలిచి, రబ్బరు దిమ్మెలు సరిచేసి, మంచి వెల్డర్ చేత. ముందు చక్రాలకు విడి సస్పెన్షన్ ఉన్న 2020 తర్వాతి థార్ లాంటి బండ్లకు ముందు భాగంలో ఈ చర్చే వర్తించదు. కమాను కట్టల పాత జీపును రోడ్డు మీద నడిపేవాళ్లకు మాత్రం తగిన పొడవున్న షాకబ్జార్బర్, లేదా తగ్గించుకున్న ఎత్తు చాలు. తప్పుగా లేపిన బండిని బ్రాకెట్‌తో సరిదిద్దడమంటే తప్పుకు అతుకు వేయడమే.

చీకటి పడేవేళకు నల్ల ఇసుకంతా నీళ్ల కిందికి పోయింది. మధ్యాహ్నం మేం చూసిన టైర్ల జాడలు ఎక్కడున్నాయో కూడా తెలియలేదు. ముగ్గురం జీపు వెనక తలుపు దించి దాని మీద కూర్చుని టమాటా బజ్జీలు తిన్నాం. కాళ్లు నేలకు అందక గాల్లో ఊగుతున్న పెద్దాయన కిందికి చూసి నవ్వారు.

“సగం దించితె నా కాళ్లు అందుతయ్‌రా” అన్నారు.